నా బిడ్డ నేర్చుకున్న ముఖం

బిడ్డ పుట్టిన పదో రోజు పొద్దున పళ్లు తోముకుని పుక్కిలించబోతే, నోట్లో పోసుకున్న నీళ్లు ఎడమ మూల నుంచి జారి జాకెట్టు మీద పడ్డాయి. మళ్లీ పోసుకున్నాను. మళ్లీ అలాగే కారిపోయాయి. రాత్రంతా నిద్ర లేదు కదా, ఆ మత్తేమో అనుకున్నాను. ముఖం కడుక్కుంటుంటే సబ్బు నురగ ఎడమ కంట్లోకి పోయి భగ్గున మండింది. కన్ను మూసుకునే ఉన్నాననుకున్నాను. అది మూసుకోలేదు.

గోడకు తగిలించిన చిన్న అద్దంలో చూసుకున్నాను. కుడివైపు సగం నాదే. ఎడమవైపు కనుబొమ్మ, చెంప, పెదవి చివర అన్నీ కిందికి వాలిపోయి ఉన్నాయి. నవ్వి చూద్దామని ప్రయత్నిస్తే నోరంతా కుడిపక్కకు గుంజుకుపోయింది. ఎడమపక్క కదలనే లేదు.

"అత్తమ్మా!" అని కేకేశాను. ఆ మాటలో 'మ' సరిగ్గా పలకలేదు. పెదవులు కలిస్తేనే కదా ఆ అక్షరం వచ్చేది.

అత్తమ్మ బిడ్డ నీళ్లకని పొయ్యి మీద పెట్టిన గిన్నె దించి వచ్చింది. నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చూసింది.

"అయ్యో బిడ్డా, మూతి గట్ల పోయిందేందే!" అంది. వెంటనే బయటికి పోయి, సబ్‌స్టేషన్‌లో డ్యూటీలో ఉన్న కొడుక్కి ఫోన్ చేసింది.

మా అమ్మ నేను డిగ్రీలో ఉండగానే పోయింది. అందుకే నా కాన్పుకు అత్తమ్మే వచ్చింది. సిద్దిపేటలో మాది మేడ మీద రెండు గదుల కిరాయి ఇల్లు. అత్తమ్మది తొగుట దగ్గర ఊరు. ఆ ఊరు రిజర్వాయర్ కింద పోయాక గజ్వేల్ దగ్గర కట్టిన కాలనీలో ఉంటోంది. కోడలి కాన్పు అనగానే సంచి సర్దుకుని వచ్చేసింది. నాకు పెద్దాపరేషన్ అయింది. దవాఖానలో ఉన్న రోజుల్లోనూ, ఇంటికొచ్చాకా బిడ్డకు నీళ్లు పోయడం, నాకు పథ్యం వండటం, చెవుల్లో దూది పెట్టి తలకు గట్టిగా గుడ్డ కట్టడం అన్నీ ఆమే చూసుకుంది.

మా ఆయన ఆటో తీసుకొచ్చాడు. పక్షవాతమేనని ముగ్గురికీ లోపల భయం. దవాఖానలో డాక్టరు నన్ను కనుబొమ్మలు ఎత్తమన్నాడు, కళ్లు గట్టిగా మూయమన్నాడు, బుగ్గలు పూరించమన్నాడు. గాలి ఎడమ మూల నుంచి తుస్సుమని పోయింది.

"పక్షవాతం గాదమ్మా. మొఖం నరం వాసింది. కాన్పైనోళ్లకు ఒక్కోసారి గిట్లైతది. శానా మందికి మంచిగైతది గని, టైం పడ్తది. పాలు ఇయ్యొచ్చు, ఏం కాదు" అన్నాడు. మాత్రలు, కంట్లో వేసుకునే చుక్కలు రాసిచ్చాడు. పడుకునేటప్పుడు ఆ కంటి మీద పట్టీ వేసుకోమన్నాడు. ముఖానికి వ్యాయామాలు ఉంటాయి, వాపు తగ్గాక నేర్పిస్తామన్నాడు.

నేను ప్రైమరీ స్కూల్లో టీచర్‌ను, ఒకటో తరగతికి. ఒకటో తరగతి పిల్లలకు పాఠం చెప్పేది పుస్తకంతో కాదు, ముఖంతో. పిల్లి అంటే పిల్లి ముఖం పెట్టాలి. కోపం వచ్చిందంటే కళ్లు పెద్దవి చేయాలి. ఏడుస్తూ వచ్చిన పిల్లకు నవ్వి చూపించాలి. పన్నెండేళ్లుగా చేస్తున్న పని అది. ఇక స్కూలుకు ఏ ముఖంతో పోతానన్నదే ఆటోలో తిరిగొస్తుంటే నా మొదటి ఆలోచన. బిడ్డ సంగతి తర్వాత తట్టింది.

ఇరవై ఒకటో రోజు తొట్టెల చేశారు. బిడ్డను తొట్టెలో వేసి పేరు పెట్టే పండగ. వద్దని చెప్పాను. అత్తమ్మ వినలేదు. "పండుగ దానిది. నీ మొఖానిది గాదు" అంది. చుట్టాలు వచ్చారు. ఒక్కొక్కరు ఒక్కొక్క మందు చెప్పారు. పావురం రక్తం రాయమన్నారు ఒకరు. పసరు పోసే మనిషి ఉన్నాడు, తీసుకుపోతామన్నారు ఇంకొకరు. ఎవరి మనసులోనూ చెడు లేదు. కానీ అందరూ నాతో మాట్లాడుతూ నా ఎడమ చెంపను చూస్తున్నారు.

పోయేముందు మా ఆయన మేనత్త నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది.

"పసిపిల్లలు ఏది సూస్తే గదే నేర్సుకుంటరు బిడ్డా. నీ మూతి సూసి రేపు అది గూడ గట్లనే తిప్పుతది. లేకుంటే బెదురుతది. మంచిగైనదాక నీ మొఖం దానికి సూపియ్యకు."

ఆమె మంచికే చెప్పింది. చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మకూడదని నాకు తెలుసు. కానీ ఆ మాట లోపలికి దిగిపోయింది. ఆ సాయంత్రం నుంచే పాలిచ్చేటప్పుడు కొంగు ఎడమవైపు నుంచి ముఖం మీదికి లాక్కోవడం మొదలుపెట్టాను. తలకు గుడ్డ ఎలాగూ ఉంది. ఇక కనిపించేది కుడి కన్ను, కాస్త ముక్కు. అది కూడా గోడ వైపు తిప్పుకునేదాన్ని. మాట్లాడితే మాట వంకరపోతుందని మాట్లాడటం కూడా మానేశాను.

బిడ్డ పాలు తాగుతూ పైకి చూసేది. చూసి చూసి కిటికీ ఊచల వైపు కళ్లు తిప్పుకునేది.

అత్తమ్మ ఎత్తుకుంటే మాత్రం వేరే సంగతి. అత్తమ్మది నల్లని ముఖం, నిండా అమ్మోరు పోసిన మచ్చలు, నుదుట రూపాయంత బొట్టు, నెరిసిన జుట్టు గట్టిగా వెనక్కి దువ్వుకుని ఉంటుంది. నీళ్లు పోసేటప్పుడు కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నూనె రుద్దుతూ లోకంలోని వార్తలన్నీ చెప్పేది. "గియ్యాల పాలాయన రాలేదే. కింది ఇంటామె కొత్త చీపురు కొన్నది. నీకేమన్న ఎర్కేనా?" బిడ్డ చేతులు కాళ్లు ఆపేసి ఆ ముఖంలోకే చూస్తుండేది. కళ్లు పెద్దవి చేసుకుని, ఊపిరి కూడా మరిచినట్టు.

మంచం మీద కూర్చుని అది చూస్తూ చూస్తూ గోడ వైపు తిరిగి పడుకునేదాన్ని. కుళ్లు అని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు దానికి ఆ పేరు పెట్టలేదు.

నెల నిండిన రోజుల్లోనే ఒకనాడు బిడ్డ నా ఒళ్లో గుక్కపట్టి ఏడుస్తోంది. పాలు పట్టదు, ఊపినా ఆగదు. అత్తమ్మ వచ్చి ఎత్తుకుని "ఏందే, ఏమైందే" అనగానే ఆగిపోయింది. మెడ నిలపలేక తల ఊగిసలాడుతున్నా ఆమె ముఖం కోసమే వెతికింది.

"నువ్వే సాదుకో అత్తమ్మా! దానికి నేనెవరో తెల్వదు. నీకే పుట్టింది అది" అని అరిచాను. అరిస్తే కుడివైపే అరిచినట్టుంది. ఎడమ మూల నుంచి ఉమ్మి కారింది. దాంతో ఇంకా ఏడుపొచ్చింది.

అత్తమ్మ కోపానికి రాలేదు. బిడ్డను భుజాన వేసుకుని నా పక్కన కూర్చుంది. కొంగుతో నా మూతి తుడిచింది.

"నా మొఖం సూడు" అంది.

చూశాను.

"నాకు ఆరేండ్లున్నప్పుడు అమ్మోరు పోసింది. పెండ్లయి, నీ మొగడు పుట్టిండు. మా అత్త ఏం జేసిందో ఎర్కేనా? పిల్లగాడు మొదలు మంచి మొఖం సూడాలెనని మా యారాలికి, మా బావ పెండ్లానికి, ఇచ్చింది. మా యారాలు పసుపుకొమ్ము లెక్క ఉంటుండె. పాలకు మాత్రం నా దగ్గరికి తెచ్చేది. తాగినంక మల్ల గుంజుకపోయేది."

"నువ్వు ఊకున్నవా?"

"ఏమంటం? గప్పుడు నోరు యాడిది? పాలిచ్చినంత సేపు వాణ్ని సూసుకుంట ముచ్చట వెట్టేదాన్ని. గంతే. నాలుగు నెలలొచ్చినయ్. వాడు మా యారాలి ఒళ్లె ఉండంగ నేను చేన్ల నుంచి అస్తే, గింత మెడ తిప్పి నన్ను సూసి ఎగిరెగిరి పడ్డడు. నున్నటి మొఖం ఎవ్వలు దగ్గరికొచ్చినా పెదవి ఇరిసి ఏడుసుడే. ఈ గుంటల్ల ఏలు వెట్టుకుంట పండుకునేటోడు." తన చెంప మీద వేలు పెట్టి చూపించింది. "మంచిదో చెడ్డదో ఆళ్లకేం ఎరుక బిడ్డా? ఎవలు పాలిస్తరో, ఎవలు మాట్లాడ్తరో, గదే ఆళ్లకు మొఖం."

ఆమె చెప్పింది ఆమెకు జరిగింది, నాకూ అలాగే జరుగుతుందని ఏముంది అనుకున్నాను. మర్నాడు మళ్లీ కొంగు లాక్కునే పాలిచ్చాను.

మా ఆయన సంగతి కూడా చెప్పాలి. ఆ రోజుల్లో ఆయన నాతో మాట్లాడేటప్పుడు బిడ్డనో గోడనో చూసేవాడు. ఒకరోజు అడిగేశాను. "నా మొఖం చూడబుద్ధి అయితలేదా?"

ఆయన బిత్తరపోయాడు. "చూస్తే నువ్వు బాధపడ్తవని చూస్తలేను" అన్నాడు.

"చూడకుంటేనే బాధైతుంది."

అప్పుడు చూశాడు. చూసి, "కంట్లో చుక్కలేసుకున్నవా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి చుక్కలు ఆయనే వేసేవాడు. రెప్ప పట్టుకుని, నెమ్మదిగా.

బిడ్డకు నెలన్నరకు టీకా సూదులు వేయించాలి. వాన పడుతుంటే ఆటోలో పోయాం, నేనూ అత్తమ్మా. పిల్లల డాక్టరమ్మ యాభై దాటిన మనిషి. బిడ్డ బరువు చూసింది, బాగానే ఉందంది. కళ్ల ముందు తన ముఖం పెట్టి అటూ ఇటూ కదిలింది. బిడ్డ కళ్లు కొద్ది కొద్దిగా వెంట తిరిగాయి. తర్వాత ఆమె చూపు నా మీద పడింది. తలకు గుడ్డ, ముఖం మీద కొంగు, చెయ్యి అడ్డం.

"పాప నిన్ను చూస్తదా?" అని అడిగింది.

"చూడదు మేడం. మా అత్తమ్మను చూస్తది."

"నువ్వు చూపిస్తున్నవా?"

కొంగు ఇంకాస్త లాక్కున్నాను. అత్తమ్మే మొత్తం చెప్పింది, మేనత్త మాటతో సహా. తొట్టెల నాడు గుమ్మం అవతలి నుంచి విన్నదట. డాక్టరమ్మ విని, కుర్చీ నా దగ్గరికి జరుపుకుంది.

"అప్పుడే పుట్టిన పిల్లలకు దూరం కనపడదమ్మా. జానెడు, జానెడున్నర, అంతే. నీ ఒళ్లో పాలు తాగుతుంటే నీ మొఖం సరిగ్గ గంత దూరంలనే ఉంటది. పుట్టిన కాన్నుంచి వాళ్లకు మొఖం అంటే ఇష్టం. రెండు కండ్లు, కింద ఒక నోరు కనిపిస్తే చాలు, అటు తిరుగుతరు. ఇగ తల్లిది ఏదని ఎట్ల తెలుస్తదంటవా? కడుపుల ఉన్నప్పుడే నీ మాట విన్నది. ఆ మాట ఏ మొఖం కెళ్లి వస్తుందో దాన్ని పట్టుకుంటది. మొదట్ల ముక్కు, మూతి గాదు, నల్లటి జుట్టు నొసలుకు కలిసే గీత ఉంటది చూడు, అది పడ్తది వాళ్ల కండ్లకు. నువ్వు ఆ గీత గుడ్డ కింద దాచినవ్. మొఖం కొంగు కింద దాచినవ్. మాట గూడ దాచినవ్. ఇంక పాప దేన్ని పట్టుకొని నిన్ను గుర్తుపట్టాలె?"

"వంకర మొఖం మేడం. బెదురుతదని."

"వంకర అని నీకు తెలుసు. పాపకు ఎన్ని మొఖాలు తెలుసని, పక్కపక్కన పెట్టి చూసుకోనీకి?"

అక్కడే గుడ్డ విప్పించింది. బిడ్డను నా ఎదురుగా, జానెడున్నర దూరంలో పట్టుకోమంది. మాట్లాడమంది. ఏం మాట్లాడాలో తెలియలేదు. మూడు వారాలకు పైగా నా బిడ్డతో నేను సరిగ్గా మాట్లాడలేదని అప్పుడు అర్థమైంది. "నేనే" అన్నాను చివరికి. "నేనే రా."

బిడ్డ చూపు నా నుదుటి పైకి పోయింది. జుట్టు వెంబడి ఇటు నుంచి అటు నడిచింది. అటు నుంచి ఇటు వచ్చింది. కళ్ల దాకా దిగలేదు. నవ్వలేదు, బెదరనూ లేదు. కాసేపు చూసి ఆవలించింది. డాక్టరమ్మ నవ్వి, "రోజూ చేయి" అని సూది వేసింది. బిడ్డ ఏడుపుతో ఆ గది నిండిపోయింది.

ఇంటికొచ్చాక గుడ్డ దగ్గర పేచీ వచ్చింది. "బాలింతవు. చెవులల్ల గాలి వోతది" అని అత్తమ్మ. చివరికి ఒప్పందం కుదిరింది. చెవుల్లో దూది ఉండాలి, కిటికీలు మూయాలి, పాలిచ్చేటప్పుడు మాత్రం గుడ్డ తీయొచ్చు.

అప్పటికి దవాఖానలో ముఖం వ్యాయామాలు నేర్పించారు. అద్దం ముందు కూర్చుని కనుబొమ్మలు ఎత్తాలి, ముక్కు చిట్లించాలి, బుగ్గలు పూరించాలి, ప ఫ బ భ మ అనాలి. అద్దం ముందు రెండు రోజులు చేశాను. నన్ను నేను చూసుకోలేక ఆపేశాను. మూడో రోజు బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని దాని ముందు చేశాను. ప అనేసరికి సగం గాలి పక్కకు పోయేది. ఆ తుస్సుమనే చప్పుడుకు బిడ్డ ఉలిక్కిపడి చూసేది. నేను మళ్లీ అనేదాన్ని. రోజుకు మూడుసార్లు, పాలు తాగి తృప్తిగా ఉన్నప్పుడు. అ ఆ ఇ ఈ బాగానే వచ్చేవి, వాటితో మొదలుపెట్టి ఒకటో తరగతి వాచకమంతా చెప్పాను. చాలాసార్లు అది మధ్యలో నిద్రపోయేది. అయినా ఒక వారం తిరిగేసరికి తేడా తెలిసింది. చూపు జుట్టు దగ్గర ఆగకుండా కళ్లలోకి దిగింది. నేను తల పక్కకు తిప్పితే వెంట వచ్చేది.

ఒక మధ్యాహ్నం బయట ముసురు. అత్తమ్మ వరండాలో తడి బట్టలు దండెం మార్చి వేస్తోంది. నేను బుగ్గలు పూరించి, ప అని, ఫ అని, బ అన్నాను. బిడ్డ నా కళ్లలోకి చూస్తోంది. దాని పెదవులు ఏదో వెతుక్కుంటున్నట్టు కదిలాయి. ముందు కళ్లు మెరిశాయి. తర్వాత నోరు విచ్చుకుంది. పళ్లు లేని చిగుళ్లు కనిపించేంత నవ్వు. రెండువైపులా సమానంగా, ఎటూ వంకర లేకుండా.

నిద్రలో నవ్వే నవ్వు నాకు తెలుసు. ఇది అది కాదు. నన్ను చూసి నవ్వింది.

తిరిగి నవ్వాను. కుడివైపు మాత్రమే వచ్చింది. అది చాలనట్టే మళ్లీ నవ్వింది. అప్పటికే ఎడమ కన్ను మూసుకోలేక ఎప్పుడూ తడిగా ఉండేది. ఆ రోజు రెండు కళ్లూ కారాయి.

"అత్తమ్మా! జల్ది రా!"

తడి చేతులతో పరుగెత్తుకొచ్చింది. ఏమైందోనని భయపడింది పాపం. చూసి, అలాగే గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. బిడ్డను ఎత్తుకోవడానికి రాలేదు. "నిన్నే సూస్తుంది" అంది మెల్లగా. "సూడనీ. నేను అడ్డం రాను."

మూడో నెలలో ఒక పొద్దున ఎడమ పెదవి చివర చిన్నగా అదిరింది. మా ఆయనకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూశాడు. ఆ తర్వాత కొద్దికొద్దిగా చెంప లేచింది, కన్ను మూసుకోవడం మొదలైంది. పూర్తిగా పాత ముఖం రాలేదు. ఇప్పటికీ గట్టిగా నవ్వితే ఎడమ కన్ను చిన్నదవుతుంది. ఫొటోల్లో తెలుస్తుంది.

అయిదో నెల నిండాక అత్తమ్మ కాలనీకి వెళ్లిపోయింది. పత్తి ఏరే రోజులు. తోటి ఆడవాళ్లంతా కూలికి పోతుంటే తనకు కాలు నిలవదు. ఆమె పోయాక బిడ్డ మూడు రోజులు ఆమె కూర్చునే చాప వైపు చూస్తూనే ఉంది. తలుపు చప్పుడైతే చాలు, మెడ తిప్పేది. ఫోన్లో వీడియో పెట్టి చూపించాను. బిడ్డ ఆ తెర మీది చిన్న ముఖాన్ని పట్టించుకోలేదు. మాట వినిపించగానే మాత్రం ఫోను వెనక్కి తొంగి చూసింది, మనిషి అక్కడ ఉందేమోనని. అటుపక్క అత్తమ్మ నవ్వుతూనే ముక్కు చీదింది.

నెల తర్వాత, నేను స్కూల్లో చేరబోయే ముందు ఆదివారం, బిడ్డను తీసుకుని బస్సులో గజ్వేల్ పోయి, అక్కడి నుంచి ఆటోలో కాలనీకి పోయాను. అత్తమ్మ రెండు చేతులూ చాపి ఎదురొచ్చింది. బిడ్డ ఆమెను చూసింది. చాలాసేపు చూసింది. పెదవి విరిచి, నా భుజంలో ముఖం దాచుకుని ఏడుపు లంకించుకుంది.

నాకు తల కొట్టేసినట్టయింది. "అయ్యో, నానమ్మ గదనే! మర్చిపోయినవా?" అని బిడ్డను ముందుకు జరపబోయాను.

"బలిమిటికి ఇయ్యకు" అంది అత్తమ్మ, రెండడుగులు వెనక్కి వేసి. ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత సర్దుకుంది. "గిప్పుడు దానికి నీ మొఖం గట్టిగ దొరికింది. మంచిదే గదా. నేనెవలనో మెల్లగ అదే సూస్కుంటది."

దూరంగా చాప వేసుకుని చిక్కుడుకాయలు తుంచుతూ కూర్చుంది. బిడ్డ వైపు చూడకుండా నాతోనే ముచ్చట పెట్టింది. పత్తి ఎలా ఉంది, కాలనీలో నల్లా నీళ్లు ఎప్పుడు వస్తాయి, ఎవరింట్లో పెళ్లి. ఆ గొంతు వింటూ వింటూ బిడ్డ నా భుజం మీద నుంచి తల ఎత్తింది. ముందు ఒక కన్నుతో, తర్వాత రెండు కళ్లతో చూసింది. గంట గడిచేసరికి నా ఒళ్లోంచి చాప అంచు మీదికి జారి, చేతులతో పాక్కుంటూ ఆమె మోకాలి దాకా పోయింది. అత్తమ్మ ఎత్తుకోలేదు. బిడ్డ తనే ఆమె చీర పట్టుకుని పైకి చూసి నోరు తెరిచింది. అప్పుడు ఎత్తుకుంది.

సాయంత్రం బస్సుకు నన్ను సాగనంపడానికి అడ్డరోడ్డు దాకా వచ్చింది. "పత్తి ఏరుడు అయినంక వస్తవు గదా?" అని అడిగాను.

"రాకుంటే అది ఊకుంటదా?" అంది.

బిడ్డను నాకు అందించబోతే అది ఆమె మెడ వదల్లేదు. వేళ్లు ఒక్కొక్కటి విడిపించి బస్సెక్కాల్సి వచ్చింది. బస్సు కదిలి చాలా దూరం వచ్చేదాకా కిటికీ వైపు చేతులు చాపి ఏడుస్తూనే ఉంది. నాకు ఆ ఏడుపు కష్టంగా అనిపించలేదు. ఒళ్లోకి తీసుకుని, ఆమెలాగే పాలాయన ముచ్చట్లు చెప్పడం మొదలుపెట్టాను.